‘లోడేసినంక ఎంత దూరం పోతది?’ పికప్ డ్రైవర్లకి అసలు ఏం కావాలి

 

ఈ మధ్య నాకు ఒకే రకం మెసేజ్‌లు ఎక్కువగా వస్తున్నాయి. "అన్నా, మా నాన్న పాత బండి అమ్మేసి కొత్త పికప్ తీసుకుందాం అంటున్నాడు, ఎలక్ట్రిక్ తీసుకోమంటావా?" అని. పంపేవాళ్లంతా ఇంచుమించు మన వయసు వాళ్లే. ఇంట్లో ఫోన్ బాగా వాడేది వీళ్లే కాబట్టి, ఆరేడు లక్షల నిర్ణయం వీళ్ల మీద పడుతోంది. యూట్యూబ్‌లో ఏ రివ్యూ చూసినా మైలేజ్, రేంజ్, టార్క్, డిజైన్ అంటారు. బండి కిస్తీ కట్టే మనిషికి వాటిలో ఎన్ని పనికొస్తాయో ఎవరూ చెప్పరు.

అందుకే ఈ ఎపిసోడ్ కోసం షోరూమ్‌కి వెళ్లలేదు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దగ్గర మూడు రోజులు తెల్లవారుజామున కూర్చున్నా. బొలెరో పికప్‌లు, టాటా ఏస్‌లు, దోస్త్‌లు వరసగా ఆగి ఉంటాయి. హమాలీలు దించుతుంటారు, డ్రైవర్లు టీ తాగుతుంటారు. మాట్లాడించడానికి అదే మంచి టైమ్.

అందరినీ ఒకటే అడిగా: "అన్నా, కొత్త బండిలో నీకేం కావాలి?" నేను ఊహించిన జవాబు మైలేజ్. ఒకాయన, యాభై దాటి ఉంటాయి, నన్ను పైనుంచి కింది దాకా చూసి, "తమ్మీ, బండి ఎంత దూరం పోతదో అందరు చెప్తరు. లోడేసినంక ఎంత దూరం పోతదో చెప్పెటోడు ఒక్కడు లేడు" అన్నాడు.

ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది, ముందే చెప్తున్నా.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ చిన్న బండ్ల కథ మన దేశంలో 2005 మేలో టాటా ఏస్‌తో మలుపు తిరిగింది. 2 సిలిండర్ల, 700 సీసీ డీజిల్ ఇంజన్, 16 హార్స్ పవర్. మన బైకుల్లో కొన్నింటికి ఇంతకంటే ఎక్కువ ఉంటుంది. ధర సుమారు రెండుంపావు లక్షలు. ఆ ప్రాజెక్టు నడిపించిన ఇంజనీర్ గిరీష్ వాఘ్. ఆయన టీమ్ డిజైన్ మొదలుపెట్టే ముందు ఊళ్లు తిరిగి మూడు చక్రాల ట్రాలీ ఆటోలు నడిపేవాళ్లని కలిసింది. వాళ్లలో ఒక కుర్రాడు, నాలుగు చక్రాల బండి ఉంటే ఊళ్లో మంచి సంబంధం వస్తుందన్నాడని వాఘ్ తర్వాత చెప్పారు. మనకి నవ్వొస్తుంది కానీ, అది చాలా పెద్ద డేటా పాయింట్. ఏ సర్వే ఫామ్‌లోనూ 'మర్యాద' అనే కాలమ్ ఉండదు కదా. ఆ బండి ఎంత అమ్ముడుపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ వీధి చివర ఒకటి నిలబడే ఉంటుంది.

ఇప్పుడు ఎలక్ట్రిక్‌కి వద్దాం. ఏస్ ఈవీ 2022 మేలో వచ్చింది. 21.3 యూనిట్ల బ్యాటరీ, సర్టిఫైడ్ రేంజ్ 154 కిలోమీటర్లు, మోసే బరువు 600 కిలోలు. లాంచ్ రోజునే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, బిగ్‌బాస్కెట్ లాంటి కంపెనీలతో కలిపి 39,000 బండ్లకి ఒప్పందాలు అయ్యాయని ప్రకటించారు. ఆ లిస్టు ఒకసారి చూడండి. అన్నీ పెద్ద కంపెనీలు. గోదాముంటుంది, అక్కడే ఛార్జర్ ఉంటుంది, పొద్దున ఎక్కడికి వెళ్లాలో రాత్రే తెలుసు. సొంత బండి నడుపుకునే మనిషికి ఈ మూడూ ఉండవు.

600 కిలోలు అంటే ఎంతో మార్కెట్ భాషలో చెప్తా. టమాటా క్రేట్ 25 కిలోలు అనుకోండి, 24 క్రేట్లు. బొలెరో మ్యాక్స్ పికప్‌లో పెద్ద వేరియంట్ 2 టన్నులు మోస్తుంది, 80 క్రేట్లు. రెంటి ధర వేరు, సైజు వేరు, ఒప్పుకుంటా. కానీ డ్రైవర్‌కి కిరాయి వచ్చేది క్రేట్ల లెక్కన. రెండేళ్లు తిరిగేసరికి, 2024 మేలో, అదే కంపెనీ 1 టన్ను మోసే ఏస్ ఈవీ 1000 తెచ్చింది. ఎందుకు తెచ్చారో ఊహించడం కష్టం కాదు.

ఇంకో విషయం. 'మోసే బరువు' అని కంపెనీ రాసే అంకె ఒకటి, రోడ్డు మీద వేసే బరువు ఇంకొకటి. కొత్త బండి రాగానే కమాన్ పట్టీలు ఎక్స్‌ట్రా వేయించి ఓవర్‌లోడ్ కొట్టడం మామూలే. అది తప్పు, ప్రమాదం, పట్టుబడితే 2019 సవరణ తర్వాత 20,000 రూపాయల ఫైన్, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000. అయినా ఎందుకు చేస్తారు? ఒకాయన సూటిగా చెప్పాడు: "లెక్క ప్రకారం వేస్తే షేట్ ఇంకో బండిని పిలుస్తడు." డ్రైవర్ ఓవర్‌లోడ్‌ని ఇష్టపడి అడగడు. నడుం అతనిది, బ్రేకులు అతనివి, కేసైతే అతని మీదే. కిరాయి రేటు పెంచలేని మార్కెట్‌లో, బరువు పెంచడమొక్కటే అతని చేతిలో ఉంది. అందుకని బండి గురించి అడిగితే 'గట్టి చాసిస్ కావాలి' అంటాడు.

సరే, ఇప్పుడు రేంజ్. ఇది కొంచెం నిదానంగా వినండి, స్పీడ్ 1.5 ఎక్స్‌లో పెట్టుకున్నవాళ్లు తగ్గించండి.

154 అనే అంకె అబద్ధం కాదు. ఒక స్టాండర్డ్ టెస్ట్ ఉంటుంది, అన్ని బండ్లనీ ఒకే పద్ధతిలో, కంట్రోల్డ్ కండిషన్స్‌లో నడిపి కొలుస్తారు. ఒక బండిని ఇంకో బండితో పోల్చడానికి అది బాగా పనికొస్తుంది. ఇవాళ్టి నా ట్రిప్ పూర్తవుతుందా అని తెలుసుకోవడానికి పనికిరాదు. రోడ్డు మీద టైర్ల రాపిడి బరువుతో పాటు పెరుగుతుంది. ఖాళీ బండి బరువులో సగం లోడ్ వేస్తే, టైర్ల దగ్గర ఖర్చయ్యే శక్తి కూడా దాదాపు సగం పెరుగుతుంది. పైన టార్పాలిన్ కట్టి క్యాబిన్ కంటే ఎత్తుగా పేర్చితే గాలి అడ్డం కొడుతుంది. సిటీ ట్రాఫిక్‌లో ఎలక్ట్రిక్‌కి లాభమే, బ్రేక్ వేసిన ప్రతిసారీ కొంత శక్తి బ్యాటరీలోకి తిరిగొస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు దాటి హైవే ఎక్కితే ఆ లాభం పోతుంది.

ఆ పెద్దాయన రోజు ఎలా గడుస్తుందో అడిగి రాసుకున్నా. రాత్రి రెండున్నరకి చేవెళ్ల వైపు ఊళ్లలో లోడింగ్, నాలుగున్నరకి బోయిన్‌పల్లి. రానూపోనూ వంద కిలోమీటర్లు దాటుతుంది. పదింటికి ఖాళీ. అప్పుడు ఫోన్ మోగుతుంది: "అన్నా, ఇల్లు షిఫ్టింగ్ ఉంది, జహీరాబాద్ వస్తవా?" ఇంకో వందకి పైన, ఒకవైపే. ఆ ఫోన్‌కి 'వస్తా' అంటే ఆ రోజు మిగులుతుంది. 'ఛార్జింగ్ పెట్టాలి, మూడు గంటలు ఆగు' అంటే అవతలివాడు వేరే నంబర్ కొడతాడు, మళ్లీ ఈయనకి ఎప్పుడూ చేయడు. వారంలో ఇలాంటి ఫోన్లు రెండే రావచ్చు. కానీ ఆయన బండి కొనేది ఆ రెండు ఫోన్ల కోసం.

మనం కార్ల విషయంలో దీన్ని 'రేంజ్ యాంగ్జైటీ' అంటాం కదా, దారిలో ఆగిపోతామేమో అన్న భయం. ఈయనకి అలాంటి భయమేం లేదు, ఇరవై ఏళ్లుగా నడుపుతున్నాడు, ఎక్కడ ఆగాలో తెలుసు. ఈయన పోగొట్టుకునేది కస్టమర్‌ని.

ఇప్పుడు లెక్క. 2025 జూన్‌లో టాటా ఏస్ ప్రో వచ్చింది. లాంచ్‌లో చెప్పిన ఎక్స్ షోరూమ్ ధరలు: పెట్రోల్ 3.99 లక్షలు, ఎలక్ట్రిక్ 6.50 లక్షలు. ఒకే బండి, ఒకే 750 కిలోలు, కాబట్టి పోల్చడానికి బాగుంటుంది. తేడా 2.51 లక్షలు. ఎలక్ట్రిక్‌లో బ్యాటరీ 14.4 యూనిట్లు, సర్టిఫైడ్ రేంజ్ 155.

ఇక్కడి నుంచి నావి అంచనాలు, మీవి మీరు మార్చుకోండి. లోడ్‌తో ఎలక్ట్రిక్ 100 కిలోమీటర్లు వెళ్తుందనుకుందాం. ఛార్జింగ్‌లో పోయేది కలిపి 16.5 యూనిట్లు, యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా 165 రూపాయలు. పెట్రోల్ లీటర్‌కి 18 కిలోమీటర్లు, లీటర్ 107 రూపాయలు అనుకుంటే, 100 కిలోమీటర్లకి 595 దగ్గర. అంటే ప్రతి 100 కిలోమీటర్లకి 430 రూపాయలు మిగులు.

రోజుకి 100 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు తిరిగితే నెలకి 10,750 మిగులుతుంది. ఆ 2.51 లక్షల తేడా దాదాపు రెండేళ్లలో వచ్చేస్తుంది. సూపర్. అదే రోజుకి 50 కిలోమీటర్లే తిరిగితే? నాలుగేళ్లకి దగ్గర. ఇందులో వడ్డీ కలపలేదు.

మెలిక ఎక్కడుందో చూశారా? ఎక్కువ తిరిగితేనే ఎలక్ట్రిక్ గిట్టుబాటు, కానీ మరీ ఎక్కువ తిరగాలంటే బ్యాటరీ ఒప్పుకోదు. మధ్యలో ఒక కిటికీ ఉంది, రోజుకి సుమారు 80 నుంచి 110 కిలోమీటర్లు, రోజూ ఒకేలా. పాల ప్యాకెట్లు, వాటర్ క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు, కిరాణా హోల్‌సేల్, కొరియర్. ఈ పనుల్లో ఉన్నవాళ్లకి నేను ధైర్యంగా 'తీసుకోండి' అంటాను. ఫోన్ వస్తే ఎటైనా వెళ్లే కిరాయి బండికి మాత్రం ఇవాళ అనను. రెండు రకాల డ్రైవర్లనీ కలిపి 'పికప్ కస్టమర్' అని ఒకే డబ్బాలో వేసే రివ్యూలంటే నాకు అందుకే చిరాకు.

ఇంకో మాట, 22 సెప్టెంబర్ 2025 నుంచి పెట్రోల్, డీజిల్ గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్ మీద అదే 5 శాతం. కాబట్టి ధరలో తేడా ఇంకా పెరిగే అవకాశమే ఎక్కువ. తెలంగాణలో మాత్రం ఎలక్ట్రిక్ బండ్లకి, చిన్న గూడ్స్ బండ్లతో సహా, 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఇచ్చారు. కొటేషన్ చేతిలోకి వచ్చాకే ఈ లెక్క వేయండి, నా వీడియో చూసి కాదు.

ఇదే గొడవ అమెరికాలో ఇంకా పెద్ద సైజులో జరిగింది, అది కూడా చెప్పుకోవాలి. అక్కడ పికప్ అంటే సగం పని, సగం హోదా. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యే పికప్. దానికి ఎలక్ట్రిక్ రూపం, ఎఫ్-150 లైట్నింగ్, 2021 మేలో చూపించారు. పెద్ద బ్యాటరీతో 320 మైళ్ల రేంజ్, అంటే 500 కిలోమీటర్లు పైనే. అందరూ చప్పట్లు. తర్వాత జనం వెనక ట్రైలర్ తగిలించి టెస్ట్ చేశారు. పెద్ద ట్రైలర్ లాగితే రేంజ్ సగానికి పడిపోయింది. నిజానికి అక్కడ చాలామంది ఏడాదికి ఒకటి రెండుసార్లు కూడా ట్రైలర్ లాగరు. అయినా కొనేటప్పుడు ఆ ఒక్క రోజే గుర్తొస్తుంది. మన పెద్దాయన జహీరాబాద్ ఫోన్, వాళ్ల ట్రైలర్, రెండూ ఒకటే. 2025 డిసెంబర్‌లో ఫోర్డ్ పూర్తి ఎలక్ట్రిక్ లైట్నింగ్ ఆపేస్తున్నామని చెప్పింది. తర్వాత వచ్చే దాంట్లో మోటార్లే చక్రాలు తిప్పుతాయి, బ్యాటరీ అయిపోతే ఛార్జ్ చేయడానికి ఒక పెట్రోల్ జనరేటర్ లోపలే ఉంటుంది.

కానీ లైట్నింగ్‌లో ఒకటి మాత్రం జనానికి తెగ నచ్చింది. ప్లగ్ పాయింట్లు. బండి నుంచి 9.6 కిలోవాట్ల దాకా కరెంట్ తీసుకోవచ్చు. వెల్డింగ్ మెషీన్, రంపం, ఇల్లంతా కూడా. దీనికి ముందు 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫానుకి కరెంట్ పోయినప్పుడు, హైబ్రిడ్ ఎఫ్-150 ఉన్న కొందరు దాని జనరేటర్‌తోనే ఇళ్లలో హీటర్లు నడిపారు. డల్లాస్ వైపు మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసు కదా, ఆ వారం చలి గురించి మీ కజిన్స్‌ని అడగండి, అరగంట చెప్తారు. మన చిన్న ఎలక్ట్రిక్ పికప్‌లలో ఇలాంటి ప్లగ్ ఇంకా మామూలు ఫీచర్ కాలేదు. టెంట్ హౌస్ వాళ్లకి, సౌండ్ సిస్టమ్ వాళ్లకి, రోడ్డు పక్కన జ్యూస్ బండి పెట్టేవాళ్లకి అది ఉంటే జనరేటర్ అద్దె మిగులుతుంది. ఇండియాలో ఎవరైనా ప్రొడక్ట్ మేనేజర్ ఈ వీడియో చూస్తుంటే, ఫ్రీగా ఇస్తున్నా ఐడియా, తీసుకో బ్రో.

ఇప్పుడు క్యాబిన్. దీని గురించి నేను అడగకముందే వాళ్లే మొదలుపెట్టారు. ఏస్ లాంటి బండ్లలో ఇంజన్ సీటు కిందే ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం, బయట 43 డిగ్రీలు, కింద ఇంజన్, పైన రేకు. ఒకాయన తడి తువ్వాలు సీటు మీద పరిచి కూర్చుంటానన్నాడు. ఎలక్ట్రిక్ నడిపిన ఒక కుర్రాడు మాత్రం, పాతికేళ్లుంటాయి, కొరియర్ కంపెనీకి నడుపుతాడు, "అన్నా, క్లచ్ లేదు, సౌండ్ లేదు, కింద వేడి లేదు. పన్నెండు గంటలు నడిపినా ఇంటికెళ్లాక ఎడమ మోకాలు నొప్పి లేదు. జీతం అంతే, కానీ మనిషిలా ఇంటికి పోతున్నా" అన్నాడు. ఎలక్ట్రిక్ గురించి ఇంతకంటే మంచి యాడ్ నేను చూడలేదు. బండి అతనిది కాదు కాబట్టి రేంజ్, కిస్తీ గోల అతనికి లేదు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

2025 నుంచి కొత్త ట్రక్కుల్లో డ్రైవర్ క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి చేశారని మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. ఆ రూల్ 3.5 టన్నుల మొత్తం బరువు దాటిన బండ్లకే. అంటే మనం మాట్లాడుకుంటున్న చిన్న పికప్‌లలో చాలావాటికి వర్తించదు. కేంద్రం ఎలక్ట్రిక్ బండ్ల కోసం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ చూడండి. టూ వీలర్లకి పెట్టారు, త్రీ వీలర్లకి పెట్టారు, 3.5 టన్నులు దాటిన ట్రక్కులకీ పెట్టారు. మధ్యలో ఈ చిన్న నాలుగు చక్రాల బండ్లు లేవు. ఏసీకీ అదే గీత, సబ్సిడీకీ అదే గీత, రెండుసార్లూ ఈ డ్రైవరే బయట. నాకు ఇది న్యాయంగా అనిపించట్లేదు. ఎండ బండి బరువు చూసి కొట్టదు కదా.

ఒక్క చోట మాత్రం చట్టం వీళ్లవైపు వచ్చింది. మామూలు కారు లైసెన్స్, అంటే ఎల్ఎంవీ, ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా బండ్లు నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చి చెప్పింది. యాక్సిడెంట్ అయితే 'లైసెన్స్ సరిపోదు' అని ఇన్సూరెన్స్ ఎగ్గొట్టే వాదనకి అక్కడ బ్రేక్ పడింది. మీ ఇంట్లో డ్రైవర్ ఉంటే ఈ ముక్క చెప్పండి.

చివరిగా ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండే మనకి సెల్లార్ ఉంటుంది. బోరబండలో ఒక గది అద్దెకుండే డ్రైవర్ బండి గల్లీలో పెడతాడు. పైఅంతస్తు కిటికీలోంచి వైరు లాగాలంటే ఇంటి ఓనర్ ఒప్పుకోవాలి, కరెంట్ బిల్లు పంచుకోవాలి, వానాకాలంలో ఆ వైరు కింద పిల్లలు ఆడుకుంటారు. ఫాస్ట్ ఛార్జర్లు ఎక్కువగా కార్ల కోసం మాల్స్‌లో, హోటళ్లలో ఉన్నాయి. లోడ్ బండిని అక్కడికి రానిస్తారా అని సెక్యూరిటీని అడిగి చూడండి. నా అభిప్రాయం ఏంటంటే, ప్రతి మార్కెట్ యార్డులో, ప్రతి ఆటోనగర్‌లో పది ఛార్జింగ్ పాయింట్లు పెడితే, లోడ్ దించే రెండు గంటల్లో సగం బ్యాటరీ నిండుతుంది. బండి ఎలాగూ అక్కడ ఖాళీగా నిలబడే ఉంటుంది. అప్పుడు జహీరాబాద్ ఫోన్‌కి కూడా 'వస్తా' అనొచ్చు.

ఫైనాన్స్, రీసేల్ గురించి చెప్తే ఇంకో గంట పడుతుంది. ఒక్కటే చెప్తా: డీజిల్ బొలెరోని ఎనిమిదేళ్ల తర్వాత ఎంతకి అమ్మొచ్చో ఏ మెకానిక్‌ని అడిగినా నిమిషంలో చెప్తాడు. ఎలక్ట్రిక్ పికప్‌కి ఆ జవాబు ఇంకా మార్కెట్‌లో తయారవలేదు. అందుకే అప్పిచ్చేవాళ్లు కూడా వడ్డీ దగ్గర జంకుతారు.

మెసేజ్ పెట్టిన వాళ్లందరికీ ఒక పని. షోరూమ్‌కి వెళ్లే ముందు, నాన్నతోనో మామయ్యతోనో ఒక వారం కూర్చుని రోజూ నాలుగు అంకెలు ఫోన్‌లో రాయండి: ఎన్ని కిలోమీటర్లు, ఎంత బరువు, ఖాళీగా ఎంత దూరం తిరిగింది, ఒకే చోట ఎంతసేపు ఆగింది. దాంతో పాటు, ఆ వారంలో ఎన్ని కిరాయిలకి 'రాను' అన్నారో కూడా. ఒక షీట్ తయారుచేశా, డిస్క్రిప్షన్‌లో లింక్ ఉంది, అంకెలు వేస్తే ఏ బండికి ఎన్ని నెలల్లో తేడా తీరుతుందో చూపిస్తుంది. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే ఖాళీ బండి తీసుకుని రౌండ్ కొట్టి రాకండి. లోడ్ వేసి ఇమ్మని అడగండి. ఇవ్వనంటే ఎందుకివ్వరో అడగండి, ఏమన్నారో నాకు రాయండి. వచ్చిన జవాబులన్నీ పెట్టి ఇంకో ఎపిసోడ్ చేస్తా.

ఉంటాను, బై.